గుంత నిండితే మళ్లీ తవ్వాల్సిందేనా?
పల్లె పారిశుద్ధ్యంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం మరుగుదొడ్డి గుంత గురించే వచ్చాయి. అందుకే వాటితోనే మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: రెండేళ్ల కిందట మరుగుదొడ్డి కట్టించాం. పదడుగులు తవ్వి సిమెంటు వరలు దించి, సందులన్నీ సిమెంటుతో పూసేశారు. ఇంట్లో ఐదుగురం. అప్పుడే నిండిపోయి నీళ్లు బేసిన్‌లోకి తన్నుతున్నాయి. ఇంకా లోతు తవ్వించమంటారా?

జవాబు: వద్దండి. మీ గుంత నిండింది మలంతో కాదు, నీళ్లతో. నీళ్లు వాడే మరుగుదొడ్డిలో మనిషికి ఏడాదికి పేరుకునే మడ్డి 40 నుంచి 50 లీటర్లే. మీటరు వెడల్పు, మూడు మీటర్ల లోతు ఉన్న గుంతలో 2,300 లీటర్లకు పైగా పడుతుంది. ఐదుగురి మడ్డితో అది నిండాలంటే పదేళ్లు కావాలి. మిగతాదంతా నీరు. అది గుంత గోడల్లోంచి మట్టిలోకి ఇంకాలి. మేస్త్రీ గట్టి పని చేశాననుకుని సందులు పూడ్చేసేసరికి ఆ దారి మూసుకుపోయింది. అడుగు నుంచి కొంత ఇంకినా, మడ్డి పేరుకుంటే అదీ ఆగిపోతుంది.

ఇప్పుడు మీ ముందు రెండు దారులున్నాయి. స్థలం ఉంటే పక్కన రెండు చిన్న గుంతలు కొత్తగా కట్టించి, పాత దాన్ని వదిలేయడం మేలు. స్థలం లేకపోతే పాత గుంతనే సెప్టిక్ ట్యాంకులా వాడుకోవచ్చు. ముందు యంత్రంతో తోడించండి. తర్వాత బయటి వైపు నుంచి మట్టి తీసి, లోపలికి వచ్చే పైపు కంటే 5 సెంటీమీటర్లు కిందగా సిమెంటు వర గోడకు రంధ్రం చేసి, 'టీ' పైపు బిగించి, ఆ నీటిని ఒక ఇంకుడు గుంతలోకి పంపండి. టీ పైపు కింది కొమ్ము నీళ్లలో మునిగి ఉండాలి, లేకపోతే పైన తేలే తెట్టు కూడా ఇంకుడు గుంతలోకి వెళ్లి దాన్ని పూడ్చేస్తుంది. ఆ నీటిని వీధి కాలువలోకి వదలొద్దు. అలా చేస్తే మీ ఇంటి మలాన్ని ఊరి మీదికి వదిలినట్టే. ఏ పని కోసమైనా సరే, ఎవరినీ గుంతలోకి దించకండి. లోపల చేరే విషవాయువు ఒక్క నిమిషంలో మనిషిని పడేస్తుంది. కాపాడదామని దిగినవాళ్లూ అందులోనే పోతారు.

కొత్తగా కట్టించేవాళ్ల కోసం కొలతలు: ఒక్కో గుంత లోపలి వెడల్పు ఒక మీటరు, పైపు నోటి నుంచి అడుగు వరకు లోతు ఒక మీటరు. ఇందులో 785 లీటర్లు పడుతుంది. ఐదుగురికి దాదాపు మూడున్నరేళ్లు, ఆరుగురికి మూడేళ్లకు కాస్త తక్కువ వస్తుంది. ఇటుక గోడలో ఒక వరస నిండుగా, మరో వరస అయిదేసి సెంటీమీటర్ల కంతలు వదిలి కట్టాలి. ఇసుక నేలైతే కంతలు ఒకటిన్నర సెంటీమీటర్లకు తగ్గించాలి, లేకపోతే ఇసుక జారి లోపలికొస్తుంది. పైపు మట్టానికి పైన ఉన్న గోడ మాత్రం కంతలు లేకుండా నిండుగా ఉండాలి. ఇంటి పునాది వైపూ కంతలు వదలకూడదు. అడుగున కాంక్రీటు వద్దు, మట్టే ఉండాలి. రెండు గుంతల మధ్య కనీసం ఒక మీటరు ఎడం ఉంచకపోతే, వాడుతున్న దాని నీరు వాడని దాంట్లోకి ఊరుతుంది. పైపుకు మీటరుకు 6, 7 సెంటీమీటర్ల వాలు ఇవ్వండి, దాని కొన గుంతలోకి 10 సెంటీమీటర్లు చొచ్చుకు రావాలి. లేకపోతే మురుగు గోడ వెంట కారి కంతలను పూడ్చేస్తుంది.

బేసిన్ కొనేటప్పుడు వాలు చూడండి. వాలు 25 నుంచి 28 డిగ్రీలు, ట్రాప్‌లో (బేసిన్ కింద ఉండే వంపు గొట్టంలో) నిలిచే నీటి మూత 2 సెంటీమీటర్లు ఉన్న పల్లె రకం బేసిన్‌కు లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లు చాలు. వాలు తక్కువున్న పట్నం రకం కొంటే ఎన్ని చెంబులు పోసినా పోదు. నీళ్లు మోసుకొచ్చే ఇంట్లో మరుగుదొడ్డి మూలపడేది చాలాసార్లు ఈ ఒక్క కారణంతోనే. వాడే ముందు అరచెంబు నీళ్లు చల్లి బేసిన్ తడిపితే మలం అంటుకోదు, తర్వాత పోసే నీళ్లు కూడా తగ్గుతాయి.

ప్రశ్న: మాకు రెండు గుంతలున్నాయి. మొదటిది నిండినట్టుంది. రెండో దానికి ఎలా మార్చాలి? మొదటి దాన్ని ఎప్పుడు తీయొచ్చు? తీసేది ఎవరు?

జవాబు: మరుగుదొడ్డికీ గుంతలకూ మధ్య చిన్న చాంబర్ ఉంటుంది, అందులో పైపు రెండుగా చీలుతుంది. మూత తీసి చూడండి. రెండు నోళ్లూ తెరిచే ఉంటే రెండు గుంతలూ కలిసి నిండుతూ వచ్చాయన్నమాట. ఇది మేము చాలాచోట్ల చూసే తప్పు. అప్పుడు ఏ గుంతకూ విశ్రాంతి ఉండదు, రెండు గుంతల వల్ల వచ్చే లాభమే పోతుంది. ఒక నోటిని ఇటుక ముక్క, బంకమట్టితో మూసేయండి. మళ్లీ తీయాలి కాబట్టి సిమెంటు వద్దు.

మూసిన తేదీని గుంత మూత మీద మేకుతో గీసి పెట్టండి. సుద్దముక్కతో రాస్తే మొదటి వానకే పోతుంది. ఆ తర్వాత రెండేళ్లు ముట్టుకోకండి. వెచ్చని ప్రాంతాల్లో ఏడాదికే చాలా క్రిములు చస్తాయి. ఏలికపాము గుడ్లు మాత్రం మొండివి, అందుకే రెండేళ్లన్నాం. అప్పటికి లోపలున్నది నల్లగా, పొడిపొడిగా, వాసన లేకుండా ఉంటుంది. ఇంకా తడిగా, కంపు కొడుతూ ఉంటే వాననీరో ఊటనీరో చేరుతోందని అర్థం. మూత వేసి మరికొన్నాళ్లు ఆగండి.

గుంత లోతు మీటరే కాబట్టి పైన నిలబడి పారతో తీయొచ్చు. చేతులకు తొడుగులు, కాళ్లకు బూట్లు వేసుకుని ఇంటివాళ్లే తీసుకోవచ్చు. దాన్ని చెట్ల మొదళ్లలో వేయండి, దుక్కిలో కలపండి. పచ్చిగా తినే ఆకులకూ దుంపలకూ మాత్రం వేయొద్దు. ఇది రెండు గుంతల మరుగుదొడ్డి సంగతి మాత్రమే. సెప్టిక్ ట్యాంకులో ఉండేది ఎప్పుడూ పచ్చి మురుగే. దాన్ని యంత్రంతోనే తీయించాలి.

ప్రశ్న: మరుగుదొడ్డి కట్టించి ఏడాదయింది. ఆడవాళ్లు, పిల్లలు వాడుతున్నారు. మా మామగారు, మరుదులు మాత్రం ఇప్పటికీ బయటికే వెళ్తారు. "అందరం వాడితే రెణ్నెల్లలో నిండిపోతుంది" అంటారు. ఏం చేయాలి?

జవాబు: మీ మామగారి మాటలోనే అసలు సంగతి ఉందమ్మా. చాలా ఇళ్లలో మగవాళ్లు బయటికెళ్లేది మొండితనంతో కాదు, గుంత నిండిపోతుందన్న భయంతో. దాన్ని ముసలివాళ్లకూ, ఆడవాళ్లకూ, వానరోజులకూ దాచిపెడుతుంటారు. శుభ్రత గురించి ఎంత చెప్పినా ఈ భయం పోదు, లెక్క చెబితే పోతుంది. మనిషికి ఏడాదికి 45 లీటర్లంటే మూడు చిన్న బకెట్లంత. పైన చెప్పిన కొలత గుంతైతే ఆరుగురికి దాదాపు మూడేళ్లు. వీలైతే రెండో గుంత మూత తీసి అది ఖాళీగా ఉందని చూపించండి. "ఇది నిండితే అటు తిప్పుతాం, అది నిండేలోపు ఇది ఎరువవుతుంది" అని ఒక్కసారి కళ్లతో చూస్తే మాట వేరుగా ఉంటుంది.

రెండో కారణం సౌకర్యం. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులైతే గోడకు పట్టుకునే కమ్మీ బిగించండి. లోపల చీకటిగా ఉంటే పైన గాలీ వెలుతురూ వచ్చే కిటికీ పెట్టండి. తలుపు వేసుకుంటే ఊపిరాడనంత ఇరుకుగా ఉంటే ఆయనకు పొలమే హాయి మరి. ఎండలో సిమెంటు రేకు కింద ఉడికిపోయే గదిని మనమే కట్టి, వాడటం లేదని మనమే తప్పుపడుతున్నాం.

ఊరంతటినీ కదిలించాలనుకునేవాళ్లకు ఒక మాట. బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీ జిల్లా మోస్‌మోయిల్ ఊళ్లో 2000 ప్రాంతంలో కమల్ కర్ అనే భారతీయ అభివృద్ధి సలహాదారు ఒక పద్ధతి మొదలుపెట్టారు. డబ్బు సాయం ఇవ్వకుండా, ఎవరికీ పాఠం చెప్పకుండా, ఊరివాళ్ల చేతే నేల మీద ఊరి పటం గీయించి, ఎవరెక్కడికి వెళ్తున్నారో పసుపు రంగు చల్లి గుర్తు పెట్టిస్తారు. తర్వాత గ్లాసు మంచినీళ్లు ఇచ్చి తాగమంటారు, తాగుతారు. తల వెంట్రుక ఒకటి మలానికి తాకించి ఆ గ్లాసులోనే ముంచి మళ్లీ ఇస్తారు. ఎవరూ తాగరు. "ఈగకు ఆరు కాళ్లు, అవి వెంట్రుక కంటే ఎక్కువే మోస్తాయి కదా?" అని అడిగి ఊరుకుంటారు. మిగతాది ఊరివాళ్లే మాట్లాడుకుంటారు. ఇది పనిచేస్తుంది. అయితే దీని పేరు చెప్పి బయటికెళ్లేవాళ్ల వెంటపడి ఈలలు వేయడం, ఫొటోలు తీయడం, పేర్లు గోడ మీద రాయడం మేము ఒప్పుకోం. అలా చేస్తే పేదవాళ్లు, ఒంటరి ఆడవాళ్లు నలుగురిలో నలిగిపోతారు తప్ప, గుంత తవ్వుకునే స్తోమత వాళ్లకు రాదు.

ప్రశ్న: వాసన వస్తోందని గుంతకు గాలి గొట్టం పెట్టించాం. రోజూ ఫినాయిల్, వారానికోసారి యాసిడ్ పోస్తున్నాం. సరైనదేనా?

జవాబు: నీటి మూత ఉన్న రెండు గుంతల మరుగుదొడ్డికి గాలి గొట్టం అక్కర్లేదు, వాయువు మట్టిలోకి పోతుంది. గొట్టం అవసరమైంది నీళ్లు పోయని పొడి గుంతకు. 1970లలో జింబాబ్వేలో రూపుదిద్దుకున్న ఆ రకంలో గొట్టం పైన జాలీ కట్టి లోపల చీకటిగా ఉంచుతారు. గుంతలో పుట్టిన ఈగ వెలుతురు చూసి గొట్టంలోకి ఎగిరి జాలీ దగ్గర చిక్కి చస్తుంది. సెప్టిక్ ట్యాంకుకూ గొట్టం కావాలి, దానికీ జాలీ తప్పనిసరి. జాలీ లేని గొట్టమంటే దోమలకు తెరిచిన తలుపే.

యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్ మూడూ గుంతలో మలాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులను చంపుతాయి. బేసిన్‌ను బ్రష్‌తో, కొద్దిగా సబ్బుపొడితో తోమండి చాలు. అయినా వాసన వస్తుంటే ట్రాప్‌లో నీళ్లు నిలుస్తున్నాయో లేదో చూడండి. ట్రాప్ పగిలితేనో, మేస్త్రీ అసలు బిగించకపోతేనో ఎన్ని సీసాలు పోసినా కంపు పోదు. ఇంకో మాట, బ్లీచింగ్, యాసిడ్ ఎప్పుడూ కలపకండి. విషవాయువు వస్తుంది.

ప్రశ్న: పాప వయసు ఏడు నెలలు. పసిపిల్లల మలంతో ప్రమాదం ఉండదంటారు కదా?

జవాబు: ఉంటుంది. పెద్దవాళ్ల మలంలో ఉండే రోగక్రిములే పసిపిల్లల మలంలోనూ ఉండొచ్చు. పెరట్లో పారేస్తే అక్కడ పాకే పిల్లల చేతికే అంటుతుంది. గుడ్డలో తీసి మరుగుదొడ్డిలో వేసి నీళ్లు పోయండి, గుడ్డ ఉతికిన నీళ్లూ అందులోనే పోయండి. పాపను కడిగాక మీ చేతులతో పాటు పాప చేతులూ సబ్బుతో కడగండి. వాడి పారేసే డైపర్లను మాత్రం బేసిన్‌లో వేయొద్దు, పైపు మూసుకుపోతుంది.

ప్రశ్న: మా బడిలో కుళాయి లేదు. పిల్లలు భోజనానికి ముందు ఒకే బకెట్‌లో చేతులు ముంచుతున్నారు. సబ్బు పెడితే రెండు రోజుల్లో మాయమవుతోంది. తక్కువ నీళ్లతో ఏదైనా మార్గం చెప్పండి. - ఒక ఉపాధ్యాయురాలు

జవాబు: బకెట్‌లో ముంచితే మొదటి పిల్ల చేతి మురికి చివరి పిల్ల నోటికి చేరుతుంది. నీళ్లు చేతి మీద పడి కింద పోవాలి, అంతే. అందుకు కాలితో తొక్కే డబ్బా చేసుకోండి.

పిడి ఉన్న 5 లీటర్ల ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. మూతకు 12 సెంటీమీటర్ల కిందగా, ముందు వైపు, కాల్చిన మేకుతో 2 మిల్లీమీటర్ల రంధ్రం చేయండి. పంగలున్న రెండు కర్రలను అరమీటరు లోతున, ముప్పావు మీటరు ఎడంగా పాతండి. అడ్డకర్రను డబ్బా పిడిలోంచి దూర్చి పంగల మీద పెట్టండి. మూత దగ్గర కట్టిన తాడు రెండో కొసను నేల మీది కర్రముక్కకు కట్టండి. ఆ కర్ర తొక్కితే డబ్బా వంగి సన్నని ధార వస్తుంది, కాలు తీస్తే ఆగిపోతుంది. చేత్తో దేన్నీ ముట్టుకునే పని లేదు. ధార మొదట్లో వచ్చి ఆగిపోతుంటే లోపలికి గాలి వెళ్లడం లేదన్నమాట, మూతకు పైన సూదితో చిన్న బెజ్జం పెట్టండి. కింద కంకర పరచకపోతే బురదై పిల్లలు అటు రావడం మానేస్తారు.

సబ్బు బిళ్లకు బదులు సబ్బునీళ్లు వాడండి. లీటరున్నర సీసాలో 30 గ్రాముల బట్టలుతికే పొడి వేసి, నీళ్లు నింపి, కుదిపి, మూతకు చిన్న రంధ్రం పెట్టి వేలాడదీయండి. ఇది మాయం కాదు, ఎందుకంటే ఎవరికీ అక్కర్లేదు. తాగొద్దని సీసా మీద పెద్దగా రాయండి. కనీసం 20 సెకన్లు రుద్దించండి. అరచేతులు అందరూ రుద్దుతారు. వదిలేసేవి బొటనవేళ్లు, వేళ్ల సందులు, గోళ్ల కొసలు. గోళ్లను ఎదుటి అరచేతిలో గీకినట్టు రుద్దమనండి. సబ్బు పూర్తిగా లేనప్పుడు శుభ్రమైన పొయ్యి బూడిద పనికొస్తుంది. మట్టి వద్దు, నులిపురుగుల గుడ్లు ఉండేది అందులోనే.

డబ్బా చెడిపోయేది చాలా అరుదు. ఖాళీగా ఉండటమే మామూలు. బడి గంట కొట్టే పిల్లలకే నింపే పనీ అప్పగిస్తే బాగా సాగుతుంది. డబ్బాను మరుగుదొడ్డి నుంచి తరగతికి వచ్చే దారిలోనే పెట్టండి. పది అడుగులు పక్కకు నడవాల్సి వస్తే పిల్లలే కాదు, పెద్దలూ వెళ్లరు.

ప్రశ్న: మరుగుదొడ్డి గుంతకూ తాగునీటి బావికీ ఎంత దూరం ఉండాలి?

జవాబు: ఒక్క అంకె చెప్పి ఊరుకోలేం. వానాకాలంలో నీటిమట్టం గుంత అడుగుకు కనీసం 2 మీటర్ల కిందుండి, నేల బంకమట్టో సన్న ఇసుకో అయితే 10 మీటర్లు చాలు. నీరు పైపైనే ఉంటేనో, ముతక ఇసుక నేలైతేనో 30 మీటర్లకు తగ్గొద్దు. కింద పగుళ్లున్న రాయి ఉంటే అదీ నమ్మకం కాదు, మురికి పగుళ్ల వెంట ఎంతదూరమైనా పోతుంది. నేల వాలుగా ఉంటే బావి ఎగువన, గుంత దిగువన ఉండాలి. వేరే దారి లేకపోతే గుంత అడుగును కాంక్రీటుతో మూసి, చుట్టూ అరమీటరు మందాన సన్న ఇసుక నింపండి. వానాకాలంలో నీరు పైకొచ్చే చోట గుంతను కొంత నేలకు పైన కట్టి చుట్టూ మట్టి ఎత్తు వేయండి.

చాలా బావులు పాడయ్యేది మాత్రం పక్క గుంత వల్ల కాదు, పైనుంచి. చేదను నేల మీద పెట్టి మళ్లీ అదే దించుతారు. చప్టా పగిలి ఉంటే బట్టలుతికిన నీళ్లు తిరిగి బావిలోకే ఊరతాయి. ముందు పిట్టగోడ, బయటికి వాలున్న చప్టా, చేదను వేలాడదీసే కొక్కెం సరిచూసుకోండి.

ప్రశ్న: బావిలో బ్లీచింగ్ పౌడర్ ఎంత వేయాలి? మా దగ్గర పిడికెళ్లతో చల్లేస్తున్నారు.

జవాబు: మామూలుగా 1,000 లీటర్లకు 2.5 గ్రాములు, 33 శాతం క్లోరిన్ ఉన్న మంచి పౌడరైతే. బావిలో నీళ్లెన్నో ముందు లెక్కకట్టాలి. వెడల్పును వెడల్పుతో, దాన్ని నీటి లోతుతో (అన్నీ మీటర్లలో) హెచ్చించి, వచ్చినదాన్ని 785తో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. 2 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల నీళ్లున్న బావిలో 9,420 లీటర్లు. అంటే సుమారు 24 గ్రాములు.

పొడిని నేరుగా చల్లితే గడ్డలుగా అడుక్కి పోతుంది. బకెట్‌లో వేసి కొద్ది నీళ్లతో మెత్తగా కలిపి, ముప్పావు బకెట్ వరకు నీళ్లు పోసి తిప్పి, పది నిమిషాలు ఆగండి. సున్నం అడుగున పేరుకుంటుంది. పైనున్న తేటను మాత్రం ఇంకో బకెట్‌లోకి వంచి, తాడుతో నీటి అడుగుదాకా దించి, పైకీ కిందికీ ఆడిస్తూ కలపండి. సున్నం బావిలో వేస్తే నీళ్లు కఠినమవుతాయి. గంట ఆగి క్లోరిన్ కిట్‌తో చూస్తే లీటరుకు 0.5 మిల్లీగ్రాము మిగిలి ఉండాలి. ఏమీ కనిపించకపోతే బావిలో మురికి క్లోరిన్‌ను తినేసిందన్నమాట, మోతాదు సగం పెంచి మళ్లీ చూడండి. రాత్రి అందరూ తోడుకున్నాక వేస్తే తెల్లారేసరికి సిద్ధం. బురదనీటిలో ఇది సరిగా పనిచేయదు.

పౌడర్ గాలికీ వెలుతురుకూ తేమకూ బలం పోగొట్టుకుంటుంది. మూత లేని గోతాంలో నెలల తరబడి ఉన్నది ఎంత వేసినా సున్నం వేసినట్టే. ఘాటైన వాసన లేకపోతే కొనొద్దు.

ప్రశ్న: స్నానాల నీళ్లు ఇంటి ముందే నిలుస్తున్నాయి. మరుగుదొడ్డి గుంతలోకే కలిపేయొచ్చా?

జవాబు: కలపొద్దు, గుంత ఇట్టే నిండుతుంది. వేరే ఇంకుడు గుంత తవ్వండి. ముందు నేల పీలుస్తుందో లేదో చూడండి. అడుగు లోతు చిన్న గొయ్యి తీసి నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ పోసి గడియారం చూడండి. రెండున్నర సెంటీమీటర్లు తగ్గడానికి అరగంట దాటితే ఇంకుడు గుంత ఆ నేలకు పనికిరాదు, ఆ నీటిని చెట్లకు మళ్లించండి.

పీల్చే నేలైతే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతు తవ్వి, అడుగున పెద్ద రాళ్లు, మధ్యలో ఇటుక ముక్కలు, పైన కంకర నింపండి. పైపు చివర అడుగున బెజ్జాలున్న కుండ పెట్టి, అందులో గడ్డి కుక్కండి. జిడ్డు, సబ్బు తెట్టు, వెంట్రుకలు అక్కడే ఆగిపోతాయి. పదిహేను రోజులకోసారి ఆ గడ్డి మార్చాలి. ఇంకుడు గుంత మూసుకుపోయిందని రాసేవాళ్లలో ఎక్కువమంది కుండ పెట్టనివాళ్లు, లేదా పెట్టి గడ్డి మార్చనివాళ్లు. అప్పటికే మూసుకుపోతే రాళ్లు బయటికి తీసి కడిగి ఎండబెట్టి, గోడల మీది నల్లటి జిగురు పొరను పారతో గీకేసి, రాళ్లు మళ్లీ అదే వరసలో పేర్చండి.